కల్దెరాష్: ఒక రోమానీ వృత్తినామం గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

భారత ఉపఖండపు మూలాలతో శతాబ్దాలుగా యూరప్‌లో ఉంటున్న రోమానీ ప్రజల (రోమాల) ప్రస్తావన తెలుగులో ఎప్పుడు వచ్చినా కొన్ని సందేహాలు తప్పకుండా వెంట వస్తాయి. వాళ్ళు మన లంబాడీలేనా, రుమేనియా వాళ్ళేనా, "కల్దెరాష్" అన్నది కులమా, ఆ పేరు తిట్టా, గౌరవమా అని అడుగుతూనే ఉంటారు. ఒకరికి ఇచ్చిన జవాబు మరొకరికి అందడం లేదు కనుక వాటన్నిటినీ ఒకచోట చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. అవసరమైన చోటి నుంచి చదువుకోవచ్చు.

## మాట, దాని మూలం

కల్దెరాష్ అంటే అసలు ఏమిటి? కులమా, భాషా, వృత్తా?

మొదట అది వృత్తి పేరు. రుమేనియన్ భాషలో "కల్దారె" అంటే గంగాళం, పెద్ద రాగి పాత్ర. దానికి పనివాడిని సూచించే ప్రత్యయం చేరితే గంగాళాలు చేసేవాడు, బాగుచేసేవాడు అన్న అర్థం వచ్చింది. తరాలు గడిచే కొద్దీ ఆ పని చేసిన రోమా కుటుంబాలకు అది సమూహనామమైంది. వాళ్ళు మాట్లాడే రోమానీ మాండలికాన్ని కూడా నేడు ఆ పేరుతోనే పిలుస్తున్నారు. ఈ మాండలికం రుమేనియన్ ప్రభావం బలంగా ఉన్న వ్లాక్స్ శాఖకు చెందింది. కాబట్టి ఒకే మాటలో వృత్తి, వంశం, మాండలికం అనే మూడు అర్థాలూ ఉన్నాయి. వాక్యంలో ఏది ఉద్దేశించారో చూసుకోకపోతే పొరపాటు పడతాము. మన అర్థంలో ఇది కులం కాదు, ఎందుకంటే కల్దెరాష్‌లు తమలో తాము మళ్ళీ "విత్సా" అనే వంశాలుగా విడిపోయి ఉంటారు, పెళ్ళి సంబంధాలలో, పలుకుబడి లెక్కల్లో వాళ్ళకు ముఖ్యమైనది ఆ విత్సాయే.

ఇది భారతదేశం నుంచి వాళ్ళు తీసుకువెళ్ళిన మాటేనా?

కాదు. "కల్దారె" లాటిన్‌లోని "కల్దారియా" నుంచి వచ్చింది, స్పానిష్ "కాల్దెరా", ఇంగ్లిష్ "కాల్డ్రన్" దానికి బంధువులు. రోమాలు భారత ఉపఖండాన్ని విడిచి దాదాపు 1000 సంవత్సరాలు అయి ఉంటుంది. ఈ పేరు వాళ్ళకు అంటుకున్నది ఆ తరువాత ఎన్నో శతాబ్దాలకు, డాన్యూబ్ నదికి ఉత్తరాన ఉన్న, తరువాత రుమేనియాగా కలిసిన వలాకియా, మోల్దావియా సంస్థానాలలో. అంటే ఇది వాళ్ళు తమ భాషలో తమకు పెట్టుకున్న పేరు కాదు, పని చేయించుకున్నవాళ్ళ భాషలో పడిన పేరు. దాన్ని తరువాత వాళ్ళే సొంతం చేసుకున్నారు. ఆ పేరు చరిత్రలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది ఈ సొంతం చేసుకోవడమే.

మరి వాళ్ళ పనికి సంబంధించిన మాటల్లో సంస్కృతపు జాడలేవీ లేవా?

ఉన్నాయి, అయితే అవి ఒక తీరుగా విడిపోయి ఉన్నాయి. బంగారాన్ని "సుమ్నకాయ్" అంటారు, అది "సువర్ణం" నుంచి వచ్చింది. వెండిని "రూప్" అంటారు, మన "రూపాయి" వెనక ఉన్న "రూప్యం" అదే. ఇనుమును "సాస్తెర్" అంటారు, అది "శస్త్రం". బొగ్గు "అంగార్", నిప్పు "యాగ్". ఈ రెండింటిలో "అంగారం", "అగ్ని" తెలుగువారికి వెంటనే వినిపిస్తాయి. కానీ రాగిని పిలిచే "హార్కోమ" గ్రీకు నుంచి వచ్చింది, దాగలిని పిలిచే "అమోని", సుత్తిని పిలిచే "స్వీరి", గంగాళాన్ని పిలిచే "కకావి", గుర్రపు లాడాన్ని పిలిచే "పెతాలో" కూడా గ్రీకు మాటలే. తగరాన్ని, సీసాన్ని చెప్పే "అర్చిచి" ఆర్మీనియన్ నుంచి వచ్చింది. పదార్థాల పేర్లలో కొన్ని ఇంటి నుంచి వెళ్ళాయి, పనిముట్ల పేర్లు మాత్రం ఎక్కువగా బైజాంటియం, అంటే గ్రీకు మాట్లాడే తూర్పు రోమన్ సామ్రాజ్యం, నేలమీద నేర్చుకున్నవి. దీన్ని బట్టి లోహపు పనిని వాళ్ళు భారతదేశంలోనే కులవృత్తిగా చేసేవారని తేల్చి చెప్పడం తొందరపాటు అవుతుంది. కనీసం ఆ నైపుణ్యంలో పెద్ద భాగం గ్రీకు మాట్లాడే ప్రాంతాలలో రూపుదిద్దుకున్నదని ఈ మాటలు చెబుతున్నాయి.

మిగతా రోమా సమూహాల పేర్లు కూడా ఇలా వృత్తుల నుంచే వచ్చాయా?

చాలా పేర్లు అలాగే వచ్చాయి. "లొవారి" అన్నది హంగేరియన్‌లో గుర్రానికి ఉన్న "లో" అనే మాట నుంచి, "చురారి" జల్లెడకు రుమేనియన్‌లో ఉన్న "చూర్" నుంచి, "ఉర్సారి" ఎలుగుబంటికి ఉన్న "ఉర్స్" నుంచి వచ్చాయి. టర్కీలోని ఇజ్మీర్ ప్రాంతపు "సెపెచిదెస్" పేరు బుట్టలల్లేవాడికి టర్కిష్‌లో ఉన్న మాట నుంచి పుట్టింది. బల్గేరియాలోని "కలైజీలు" రాగి పాత్రలకు తగరపు పూత పూసేవాళ్ళు. ఆ మాటలోని "కలై", మనం ఇత్తడి గిన్నెలకు వేయించే "కళాయి" ఒకే అరబ్బీ మూలానికి చెందినవి. వీటిలో లొవారి పేరు పొందిన మార్పు ప్రత్యేకమైనది. గుర్రాల బేరగాడన్న అనుమానపు చూపుతో పలికిన ఆ మాట, హంగేరీలో నేడు ప్రభుత్వ గుర్తింపు గల భాషా పరీక్షకు పేరుగా నిలిచింది, రోమాలు కాని విద్యార్థులు కూడా పట్టా కోసం ఆ పరీక్ష రాశారు.

వాళ్ళు చేసిన పని ఎలా ఉండేది?

పనిలో ప్రధానమైనవి మూడు: రాగి రేకును సుత్తితో సాగగొట్టి పాత్ర చేయడం, చిల్లుపడిన పాత్రకు మాటు వేయడం, లోపలి భాగానికి కళాయి పూయడం. పల్లెలో పాలు కాచడానికి, జామ్ ఉడికించడానికి, బట్టలు ఉడకబెట్టడానికి, ప్లమ్ పండ్లతో సారా తీయడానికి రాగి గంగాళం లేనిదే జరిగేది కాదు. రాగికి పులుపు తగిలితే చిలుము పట్టి విషమవుతుంది కనుక పూత అరిగిన ప్రతిసారీ కళాయి వేయించుకోవలసిందే. పాత్రను బొగ్గుల మీద కాల్చి, మసిని శుభ్రం చేసి, నవాసాగరం చల్లి, కరిగిన తగరాన్ని పీచుతోనో గుడ్డతోనో వేడి చల్లారకముందే లోపలంతా రుద్దాలి. కొద్దిగా ఆలస్యమైనా పూత గడ్డలు కడుతుంది. పని చూడడానికి చిన్నదే, చేతి అంచనా మాత్రం చాలా ఏళ్ళకు గాని రాదు. మన ఊళ్ళలో కళాయి వేసేవాళ్ళు వీధి మలుపులో గుంట తవ్వి, తిత్తి పెట్టుకొని పనిచేసిన రోజులు చూసిన పెద్దలకు ఈ దృశ్యం కొత్త కాదు.

మగవాళ్ళు సాధారణంగా జట్టుగా పని పట్టేవారు. జట్టులోని భాగస్వామిని "వొర్తాకో" అంటారు, బేరం కుదిర్చినవాడికీ సుత్తి పట్టినవాడికీ వచ్చిన సొమ్ములో వాటా ఉండేది. స్త్రీలు ఇంటింటికీ తిరిగి పాత పాత్రల కబురు తెచ్చేవారు, చేసిన సరుకు అమ్మేవారు, కొందరు జోస్యం కూడా చెప్పేవారు. అందువల్ల వృత్తి పేరు మగవాడి సుత్తి మీదుగా వచ్చినా, ఆ వృత్తి బతికింది కుటుంబమంతటి కష్టం మీద.

## బానిసత్వపు కాలం

రుమేనియాలో రోమాలు బానిసలుగా ఉండేవారన్నది నిజమేనా? ఈ పేరుకు దానితో ఏమి సంబంధం?

నిజం. వలాకియాలో రోమా బానిసల గురించిన తొలి లిఖిత ఆధారం 1385 నాటిది. అది ఒక మఠానికి 40 కుటుంబాల దానాన్ని ధ్రువీకరించిన పత్రం. ఆ తరువాత దాదాపు 5 శతాబ్దాల పాటు వాళ్ళు సంస్థానాధీశుల, మఠాల, బోయార్లనే భూస్వాముల ఆస్తిగా ఉన్నారు. వాళ్ళను కొన్నారు, అమ్మారు, కట్నంగా ఇచ్చారు, కుటుంబాలను విడదీశారు. వాళ్ళను లెక్కపెట్టుకోవడానికి యజమానులు వాడిన విభజనలో చేసే పని ఒక కొలత: బంగారు రేణువులు ఏరేవాళ్ళు, గరిటెలు చెక్కేవాళ్ళు, ఎలుగుబంట్లను ఆడించేవాళ్ళు, గంగాళాలు చేసేవాళ్ళు. ఆ చిట్టాలలో "కల్దరార్" (కల్దెరాష్‌కు రుమేనియన్ రూపం) అంటే ఎవరి దగ్గర ఏ పన్ను, ఏ పని రాబట్టవచ్చో చెప్పే గుర్తు. మాటకు తొలినాటి సామాజిక అర్థం ఇదే. దాన్ని మరచి కేవలం "చేతిపని సంప్రదాయం" అని మెచ్చుకుంటే సగం చరిత్రను తుడిచేసినట్టే.

బానిసలైతే ఊరూరా తిరగడం ఎలా కుదిరింది?

సంస్థానాధీశుడి బానిసలలో కొన్ని వర్గాలకు తిరిగే వెసులుబాటు ఉండేది. ఏటేటా నిర్ణీత పన్ను కట్టి, దేశపు ఎల్లలు దాటకుండా, తమ పెద్ద మాటకు లోబడి గుడారాలతో తిరుగుతూ పనిచేసుకోవచ్చు. గంగాళాల పనివాళ్ళలో చాలామంది ఇలా బతికారు. ఒక ఊళ్ళో పాత్రలన్నీ బాగుచేశాక మళ్ళీ అక్కడ పని పుట్టడానికి కాలం పడుతుంది కనుక ఆ వృత్తికి తిరుగుడు తప్పనిసరి. బోయార్ల ఇళ్ళలో, మఠాల పొలాల్లో కట్టుబడి ఉన్నవాళ్ళలో చాలామంది తరాల మీద రోమానీ భాషను పోగొట్టుకున్నారు, తిరిగినవాళ్ళకు మాత్రం అది నిలిచింది. నేడు కల్దెరాష్ మాండలికం అంత బలంగా ఉండడానికి ఇదొక ప్రధాన కారణం.

విముక్తి ఎప్పుడు వచ్చింది?

ఒక్కసారిగా రాలేదు. వలాకియాలో ప్రభుత్వ బానిసలకు 1843లో, మఠాల బానిసలకు 1847లో, మోల్దావియాలో ఈ రెండు వర్గాలకు 1844లో, చివరగా ప్రైవేటు యజమానుల బానిసలకు మోల్దావియాలో 1855లో, వలాకియాలో 1856 ఫిబ్రవరిలో విముక్తి లభించింది. చివరి విడతలో యజమానులకు పరిహారం ఇచ్చారు, విముక్తులకు ఏమీ ఇవ్వలేదు. రుమేనియాలో ఫిబ్రవరి 20ని ఇప్పుడు రోమాల విముక్తి స్మారక దినంగా పాటిస్తున్నారు.

## వలస, అనుమానం

విముక్తి తరువాత వాళ్ళు ఎక్కడికి వెళ్ళారు?

19వ శతాబ్దపు రెండవ భాగం నుంచి కల్దెరాష్ కుటుంబాలు హంగేరీ, పోలండ్, రష్యా, జర్మనీ, ఫ్రాన్స్, స్వీడన్ దేశాలకు, అక్కడి నుంచి ఉత్తర, దక్షిణ అమెరికాలకు విస్తరించాయి. వెళ్ళిన ప్రతిచోటా పేరు స్థానిక భాషలోకి మారింది. రష్యాలో గంగాళానికి ఉన్న మాటతో "కొత్ల్యారీ" అన్నారు, తమలో తాము మాత్రం "కెల్దెరారి" అన్న పాత రూపాన్ని నిలుపుకున్నారు. 1911 నుంచి 1913 వరకు బ్రిటన్‌లో తిరిగిన జట్లు పెద్ద రాగి పాత్రల మరమ్మతుతో పత్రికల దృష్టిలో పడ్డాయి. అమెరికా నగరాలలో తరువాతి తరం బేకరీల పిండి కలిపే పాత్రలకు కళాయి పూయడం, మోటారు వాహనాల సొట్టలు సరిచేయడం వంటి పనుల్లోకి వెళ్ళింది. పనికి పనికీ మధ్య తేడా ఉన్నా, రేకును వేడిచేసి సాగగొట్టే చేతి నైపుణ్యం ఒక్కటే.

ఊరికి అవసరమైన పనివాడి పేరు అనుమానాస్పదంగా ఎలా మారింది?

మూడు కారణాలు కలిసి వచ్చాయి. మొదటిది, తిరిగే పనివాడి మీద స్థిరవాసికి ఉండే భయం: పాత్రను చేతికిచ్చాక మనిషి రేపు ఇక్కడ ఉంటాడో లేదో తెలియదు. రెండవది, బేరం. పని చూశాక గాని ధర తేలని వృత్తి కావడంతో తగాదాలు తరచుగా వచ్చేవి, తగాదా పోలీసుల దాకా వెళితే నమోదయ్యేది పనివాడి పేరు మాత్రమే.

మూడవది, అన్నిటికంటే బరువైనది, చట్టం. ఫ్రాన్స్‌లో 1912 జూలైలో వచ్చిన చట్టం స్థిర నివాసం లేనివాళ్ళను "సంచారులు"గా వర్గీకరించి, వేలిముద్రలు, శరీర కొలతలు ఉన్న పుస్తకాన్ని వెంట ఉంచుకొని, ప్రతి ఊళ్ళో దాని మీద ముద్ర వేయించుకోమంది. ఆ పద్ధతి వేరే రూపాలలో 2017 దాకా మిగిలింది. స్వీడన్ 1914లో రోమాల ప్రవేశాన్నే నిషేధించింది, ఆ నిషేధం 1954 దాకా కొనసాగింది. ఇలా వృత్తి వల్ల తప్పనిసరైన తిరుగుడును ప్రభుత్వాలు నేర స్వభావంగా చదివాయి. బ్రిటిష్ పాలనలో 1871లో మొదలై 1911లో మద్రాసు ప్రాంతానికి విస్తరించిన నేరజాతుల చట్టం కింద ఎరుకల వంటి సమూహాలను నిఘాలో పెట్టిన చరిత్ర తెలిసిన తెలుగువారికి ఈ తర్కం పరిచితమే.

కెస్లర్, కాల్దెరోన్, కొత్ల్యార్ వంటి ఇంటిపేర్లు కూడా గంగాళం నుంచే వచ్చాయి కదా, వాళ్ళకు లేని చిన్నచూపు వీళ్ళకెందుకు?

ఆలోచించవలసిన ప్రశ్న. జర్మన్ "కెస్లర్", స్లావిక్ "కొత్ల్యార్" అంటే సరిగ్గా ఇదే పనివాడు, స్పానిష్ "కాల్దెరోన్"లోనూ గంగాళమే ఉంది. రోమాలు కానివాళ్ళ విషయంలో ఆ పేర్లు వృత్తిని వదిలి ఇంటిపేర్లుగా స్థిరపడి, ఏ భావమూ లేని గుర్తులయ్యాయి. రుమేనియాలో "కల్దరారు" కూడా ఇంటిపేరుగా ఉంది, అయితే అది వినగానే మనిషి రోమా అయి ఉంటాడన్న ఊహ ముందుకొస్తుంది. మచ్చ పనిలో లేదు, పేరులోనూ లేదు. పేరు మోస్తున్న ప్రజలను అక్కడి సమాజం చూసిన తీరే మాటకు అంటుకుంది. అందుకే పదమూలం ఎంత విప్పి చెప్పినా చిన్నచూపు దానంతట అది పోదు.

రెండవ ప్రపంచ యుద్ధంలో ఈ సమూహానికి ఏమైంది?

సైనిక నియంత అంతొనెస్కు పాలనలోని రుమేనియా 1942లో సుమారు 25,000 మంది రోమాలను ద్నీస్టర్ నదికి ఆవలనున్న ట్రాన్స్‌నిస్ట్రియాకు తరలించింది. వాళ్ళలో దాదాపు 11,000 మంది ఆకలితో, చలితో, టైఫస్‌తో చనిపోయారు. మొదట తీసుకువెళ్ళింది సంచార కుటుంబాలను, వాళ్ళలో గంగాళాల పనివాళ్ళు ఎందరో ఉన్నారు. తమ బండ్ల మీద తామే బయలుదేరిన ఆ కుటుంబాల దగ్గర చివరికి బండ్లు, గుర్రాలు కూడా లాక్కున్నారు. గుర్రం, బండి లేకపోతే తిరిగే లోహకారుడికి వృత్తే లేదు. యుద్ధం ముగిసి బతికి వచ్చినవాళ్ళు పేరుతో వచ్చారు గాని పనిముట్లతో రాలేదు.

సోవియట్ యూనియన్‌లో "కొత్ల్యారీ" పరిస్థితి ఏమిటి?

1920ల చివర, 1930లలో కొన్ని కుటుంబాలు లోహపు పని సహకార సంఘాలుగా ఏర్పడ్డాయి, ఆ కొద్దికాలం వృత్తి పేరు "శ్రామికుడు" అన్న గౌరవానికి దగ్గరైంది. అదే కాలంలో, 1933 వేసవిలో, మాస్కో పరిసరాల నుంచి 5,000 మందికి పైగా రోమాలను సైబీరియాకు పంపేశారు. 1956 అక్టోబరు ఆదేశం సంచారాన్ని నిషేధించింది. స్థిరపడ్డాక కూడా కొత్ల్యారీ జట్లు సమష్టి వ్యవసాయ క్షేత్రాలకు తొట్లు, ట్యాంకులు, క్యాంటీన్ గంగాళాలు చేసి ఇచ్చాయి. ఆ క్షేత్రాలతో పాటే వాళ్ళ గిరాకీ కూడా పోయింది. 2016లో రష్యా నగరం తూలా దగ్గరి ప్లెఖానొవో రోమా స్థావరంలో గ్యాస్ సరఫరా మీద తలెత్తిన ఘర్షణ ఆ తరువాతి బతుకు ఎంత అస్థిరమైనదో చూపింది.

## పని పోయాక పేరు

ఇప్పుడు ఎవరైనా రాగి పని చేస్తున్నారా?

చేస్తున్నారు, కొద్దిమంది. రుమేనియాలో సిబియు జిల్లాలోని బ్రతెయు గ్రామం ఇందుకు పేరు పొందింది. అక్కడ గంగాళాలు, సారా బట్టీ పాత్రలు, అలంకార వస్తువులు ఇప్పటికీ చేతితో చేసి రోడ్డు పక్కన అమ్ముతారు. అల్యూమినియం, ఎనామిల్, స్టీలు, ప్లాస్టిక్ పాత్రలు 20వ శతాబ్దంలో వంటింటిని ఆక్రమించాక మరమ్మతు అన్న పనే అరుదైపోయింది. మిగిలిన గిరాకీలో ప్రధానమైనది పండ్ల సారా తీసే పాత్రలదే.

పని మానేసిన కుటుంబాలను ఇంకా కల్దెరాష్ అనడం సరేనా?

వాళ్ళే అనుకుంటున్నారు కనుక సరే. వృత్తినామం వంశనామంగా మారాక పనితో దాని ముడి తెగిపోతుంది. టొరంటోలో కార్లు అమ్మే మనిషి, పారిస్ శివార్లలో చర్చి నడిపే పాస్టరు, బుకారెస్ట్‌లో న్యాయశాస్త్రం చదివే అమ్మాయి, వీళ్ళెవరూ సుత్తి పట్టకపోయినా తమది ఏ విత్సా అని అడిగితే జవాబు చెప్పగలరు. అయితే దీనికి ఒక హద్దు ఉంది. మనిషి తనకు తాను చెప్పుకోని పేరును బయటివాళ్ళు మోపకూడదు, వృత్తి పేరు విని "మీరు గిన్నెలు చేస్తారా" అని అడగడం వాళ్ళకు ఎప్పటి నుంచో విసుగు పుట్టించిన ప్రశ్న.

వాళ్ళలో వాళ్ళకు ఆ మాట గౌరవమా, కించా?

చాలావరకు గౌరవం. భాషను నిలుపుకున్నామని, "క్రిస్" అనే పెద్దల న్యాయసభ కట్టుబాటును కాపాడామని, శుచి నియమాలు పాటిస్తున్నామని, స్త్రీల కుచ్చుల లంగాలు, మగవాళ్ళ వెడల్పాటి టోపీలు వదలలేదని, తామే అసలైన రోమాలమని చాలామంది కల్దెరాష్‌లు భావిస్తారు. భాష పోగొట్టుకున్న ఇతర రోమాలను తక్కువగా చూడడం కూడా ఇందులో ఉంది, దాన్ని దాచవలసిన పని లేదు. అదే మాటను పట్టణాల్లో కలిసిపోయిన రోమాలు కొందరు "పాతకాలపు మనుషులు" అన్న భావంతో వాడతారు. బాల్య వివాహాల వంటి విషయాలలో ఆ విమర్శకు బలమైన ఆధారమే ఉంది, ఆ మాట సమూహంలోని స్త్రీలే గట్టిగా చెబుతున్నారు. బానిసల చిట్టాలో పన్ను గుర్తుగా మొదలైన పేరు సమూహం లోపల అంతస్తును కొలిచే గీటురాయి కావడం ఈ చరిత్రలోని అతిపెద్ద మలుపు.

బుజెస్కు గ్రామపు భవనాల ఫొటోలు చూశాను. కల్దెరాష్‌లంటే ధనవంతులా?

కొందరు. దక్షిణ రుమేనియాలోని తెలెయోర్మాన్ జిల్లా బుజెస్కులో, 1989లో కమ్యూనిస్టు ప్రభుత్వం కూలి కర్మాగారాలు మూతపడ్డాక, పాత లోహపు వ్యాపారంలో కొన్ని కల్దెరాష్ కుటుంబాలు బాగా సంపాదించాయి, గోపురాలు, రేకు శిఖరాలు ఉన్న పెద్ద ఇళ్ళు కట్టాయి. లోహం గుణం చూసి విలువ కట్టగల పాత నేర్పు అక్కడ పనికొచ్చింది. తరాలుగా బంగారు నాణేలే బ్యాంకుగా బతికి, వాటిని కూడా కమ్యూనిస్టు పోలీసులకు పోగొట్టుకున్నవాళ్ళు కనబడేలా ఇల్లు కట్టుకోవాలనుకోవడం నాకు వింతగా తోచదు. అయితే కెమెరాలు వెళ్ళేది ఆ వీధికే. నీటి కుళాయి లేని వాడలలో ఉండే కల్దెరాష్‌లు ఆ ఫొటోలలో ఉండరు.

భాషకు ఎక్కడైనా అధికారిక గుర్తింపు ఉందా?

స్వీడన్ మంచి ఉదాహరణ. ఒకప్పుడు ప్రవేశమే నిషేధించిన ఆ దేశం 2000లో రోమానీని అన్ని మాండలికాలతో సహా 5 జాతీయ మైనారిటీ భాషలలో ఒకటిగా గుర్తించింది, వాటిలో కల్దెరాష్ కూడా ఉంది. ఆ మార్పు ఊరికే రాలేదు. పిల్లలను బడికి రానివ్వని, కుటుంబాలను ఒకచోట ఉండనివ్వని రోజుల నుంచి ఎదిగి పోరాడినవాళ్ళలో వెండిపని కళాకారిణి రోజా తైకోన్ (1926–2017) ఒకరు. లోహకారుల కుటుంబంలో పుట్టిన కల్దెరాష్ స్త్రీ ఆమె. స్టాక్‌హోమ్‌లో కళాశిక్షణ పొంది, పూర్వీకుల పద్ధతులతో చేసిన నగలను ఆ దేశపు జాతీయ మ్యూజియంలో ప్రదర్శించింది. మగవాళ్ళ సుత్తి నుంచి వచ్చిన వృత్తినామం ఒక స్త్రీ చేతుల్లో కళాకారుడి హోదాగా గుర్తింపు పొందింది.

## తెలుగువారి సందేహాలు

మన లంబాడీలూ రోమాలూ ఒకటేనా?

కాదు. లంబాడీ లేక గోర్ బోలి రాజస్థానీకి దగ్గరి భాష, రోమానీ దాదాపు 1000 సంవత్సరాల కిందటే ఉపఖండాన్ని విడిచి వేరుగా పెరిగిన భాష. రెండూ ఇండో ఆర్యన్ కుటుంబానివే కనుక కొన్ని మాటలు, అంకెలు పోలి ఉంటాయి, ఆ మాటకొస్తే అవి హిందీనీ మరాఠీనీ కూడా పోలి ఉంటాయి. అద్దకపు రంగులు, సంచారం, వెండి నగలు చూసి కలిపేయడం చూపుకు తేలికే గాని భాషా చరిత్ర దానికి ఒప్పుకోదు. భారతదేశంతో రోమాల బంధం మాత్రం నిజం. 1971 ఏప్రిల్ 8న లండన్ సమీపంలో జరిగిన తొలి ప్రపంచ రోమానీ మహాసభకు భారతదేశం నుంచి దౌత్యవేత్త, భాషావేత్త డబ్ల్యూ. ఆర్. ఋషి హాజరయ్యారు. ఆ సభ ఆమోదించిన నీలం, ఆకుపచ్చ రోమానీ పతాకం మీద మన అశోక చక్రాన్ని తలపించే 16 ఆకుల చక్రం ఉంది.

"రోమ్" అన్న మాటకు మన "దొమ్మరి"తో సంబంధం ఉందంటారు, నిజమేనా?

"రోమ్" అన్న పేరు సంస్కృతంలోని "డోంబ" నుంచి వచ్చిందన్నది భాషావేత్తలలో ఎక్కువమంది అంగీకరించిన మాట. పశ్చిమాసియాలోని "దోమ్", ఆర్మీనియా ప్రాంతపు "లోమ్" కూడా అదే మూలానివి. కన్నడంలోని "దొంబ", తెలుగులోని "దొమ్మరి" అదే పద కుటుంబానివిగా భావిస్తారు. పేర్లు కలిసినంత మాత్రాన మన దొమ్మరులు రోమాలకు రక్తబంధువులని అర్థం కాదు. ఆ పాత మాట సంగీతం, విన్యాసాలు, చేతిపనులతో బతికే అనేక సమూహాలను గుంపుగా పిలిచిన మాట. యూరప్‌లో ఆ పేరు "మనిషి", "భర్త" అన్న అర్థాలు పొంది ఒక జాతి ఆత్మగౌరవానికి గుర్తయింది. మన దగ్గర అదే కుటుంబపు మాటను తిట్టుగా వాడేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, ఆ వాడుక మానవలసిన బాధ్యత మనదే.

తెలుగులో రాసేటప్పుడు ఏ మాట వాడాలి? "జిప్సీ" తప్పా?

మొత్తం ప్రజలను చెప్పేటప్పుడు "రోమా", భాషను చెప్పేటప్పుడు "రోమానీ", ఈ సమూహాన్ని చెప్పేటప్పుడు "కల్దెరాష్ రోమాలు" అని రాయడం మంచిది. "జిప్సీ" అన్నది ఈజిప్టు నుంచి వచ్చారన్న పొరపాటు ఊహతో పుట్టిన మాట. బ్రిటన్‌లో కొందరు దాన్ని తమ పేరుగా అంగీకరించినా, తూర్పు యూరప్‌లోని "త్సిగాన్" రకపు మాటలు చాలామందికి అవమానంగా వినిపిస్తాయి, అందువల్ల పాత పత్రాన్ని ఉల్లేఖించినప్పుడు తప్ప వాటిని వాడనక్కరలేదు. "కల్దెరాష్"ను "కంచరి" అని అనువదించడం కూడా సరికాదు. కంచరి మన దగ్గర విశ్వకర్మలలో ఒక శాఖకు చెందిన పేరు, దానికి తన చరిత్ర, తన గౌరవం ఉన్నాయి. సమూహాన్ని ఉద్దేశిస్తే పేరును పేరుగానే ఉంచి, వృత్తిని ఉద్దేశిస్తే "రాగిపనివాళ్ళు" అని తెలుగులో చెబితే సరిపోతుంది.